రొట్టె మీద ఒట్టు

మా మరిది ఇల్హామీ ప్రతి వసంతంలోనూ కొన్నాళ్లు మనిషిలా ఉండేవాడు కాదు. ఉన్ని చొక్కా కింద ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని, మా పేట నుంచి రేవుదాకా ఉన్న మెట్లన్నీ పరుగెత్తి దిగి, మళ్లీ పరుగెత్తి ఎక్కేవాడు. ఇంటికొచ్చాక నిమ్మచెక్క చప్పరిస్తూ, నోట్లో ఊరిన నీటిని మింగకుండా గాజుగ్లాసులోకి ఉమ్మేవాడు. మింగితే అదీ బరువేనట. నేను సూప్ కాచేటప్పుడు వంటింటి తలుపు మూసేదాన్ని. అయినా వాసన ఆగదు కదా. ముందుగదిలోంచే, "వదినా, ఇవాళ పుదీనా ఎక్కువ పడింది," అనేవాడు. తినబోని కూడుకి అంత కచ్చితంగా పాళ్లు చెప్పినవాణ్ని నేను మళ్లీ చూడలేదు.

బరువు చూసుకోవడానికి బొగ్గు డిపోలో కాటా దగ్గరికి వెళ్లేవాడు. అక్కడి హమాలీలకి అదొక వినోదం.

"ఏరా ఇల్హామీ, నిన్ను బస్తాలో కట్టి అమ్మమంటావా, విడిగా అమ్మమంటావా?"

"వీడు తడి బొగ్గురా. ఎండబెట్టి తూచండి."

"ఎండితే ఇంకేం మిగులుతుంది, బూడిదే."

పగిలిన పెదాలతో అతనూ నవ్వేవాడు. నవ్వితే నెత్తురొచ్చేది.

ఇదంతా ఎందుకంటే అన్నదమ్ములిద్దరిదీ ఒకే బరువు. మా ఆయన తుర్గుత్, ఇల్హామీ ఇద్దరూ అరవై కిలోల మనుషులు. జాతీయ బాక్సింగ్ పోటీలకి మా బొగ్గుగనుల ఊరు జోంగుల్దాక్ నుంచి ఒక్కో తరగతికి ఒక్కణ్నే పంపేవారు. ఇద్దరూ అరవైకే పేరిస్తే ముందు ఊళ్లోనే ఒకరితో ఒకరు తలపడి తేల్చుకోవాలి. మా మావయ్య, అంటే వాళ్ల నాన్న రుస్తెమ్ ఇంట్లో అది కుదిరే పని కాదు. పండగ పూట అన్న చెయ్యి ముద్దు పెట్టుకుని నుదుటికి ఆనించుకునే తమ్ముడు, అదే అన్న మూతి పగలగొట్టి వీధిలో ఎలా నడుస్తాడు? అందుకని అరవై అన్నకి. తమ్ముడు కరిగి యాభై ఏడుకి దిగాలి. దీని గురించి ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు. ఇంట్లో పెద్దవాడు ఏ కుర్చీలో కూర్చోవాలో ఎవరైనా మాట్లాడుకుంటారా?

ఇద్దరిలో మంచి బాక్సర్ ఇల్హామీ. అది ఊరందరికీ తెలుసు, తుర్గుత్‌కి అందరికంటే బాగా తెలుసు. గని కార్మికుల సంఘం భవనం కింద, నేలమాళిగలో వాళ్లకి బాక్సింగ్ నేర్పిన గురువు బెకిర్ హోజా దాచుకునే మనిషి కాదు. "చిన్నాడు దెబ్బ కొడితే అది వచ్చాక తెలుస్తుంది. పెద్దాడు కొడితే ముందురోజే తెలుస్తుంది," అనేవాడు. తుర్గుత్‌ది బలమైన కుడిచెయ్యి. కానీ దాన్ని తలకి విసిరే ముందు ఎడమకాలి బొటనవేలు బయటికి తిప్పేవాడు. కడుపుకి కొట్టేటప్పుడు తిప్పడు. తలకి కొట్టేటప్పుడు మాత్రమే. "నీ చెయ్యి పని చేసేలోపు నీ కాలు చాడీలు చెప్పేస్తోందిరా," అని హోజా ఆ కాలి మీద కర్రతో కొట్టేవాడు. తుర్గుత్ ఇంట్లో కూడా సాధన చేసేవాడు. నేను గిన్నెలు కడుగుతుంటే వెనక గోడ వైపు తిరిగి గాలిలో గుద్దులు విసిరేవాడు. చాపకి ఆ బొటనవేలు తిరిగి తిరిగి ఒకచోట చిల్లు పడింది.

వీళ్ల పోరాటం పతకాల కోసమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. జాతీయ జట్టు ఎర్ర చొక్కా ఒక్కసారి తొడుక్కున్నవాడికి క్రీడాశాఖలో శిక్షకుడి ఉద్యోగం వచ్చేది. రానివాడికి గని ఉంది. మావయ్య ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని పని మానేశాడు. ఆయన చోటు కొడుకుల్లో ఒకడికి ఇస్తామన్నారు. ఆయన పెన్షన్‌తో నలుగురం బతకలేం. ఒకడు భూమి మీద ఉంటే ఇంకొకడు కిందికి దిగాలి.

తుర్గుత్ ఒకసారి గనిలోకి దిగాడు. మా పెళ్లికి ముందు సంగతి. కప్పు కూలి, చచ్చిపోయిన మనిషి పక్కన, అతని మోచెయ్యి తన మెడకింద ఉండగా, మర్నాటిదాకా చీకట్లో పడున్నాడు. ఆ మనిషి పేరు ఎప్పుడూ చెప్పలేదు. పడుకునేటప్పుడు మాత్రం దీపం ఆర్పనిచ్చేవాడు కాదు.

ఒక ఏడాది పోటీల్లో బరువు తూచే బల్ల మీదే ఇల్హామీ స్పృహతప్పి పడిపోయాడు. ఆ మరుసటేడు మంచు కరుగుతుండగానే బెకిర్ హోజా మా ఇంటికొచ్చాడు. నేను టీ పోశాను. ఆయన చక్కెర గడ్డ నోట్లో పెట్టుకుని టీ తాగాడు.

"రుస్తెమ్, వీణ్ని ఇంక పిండితే నీళ్లు రావు, నెత్తురొస్తుంది. అరవైకి ఆడనియ్యి."

"అరవైకి వాళ్లన్న ఉన్నాడు," అన్నాడు మావయ్య.

"వాళ్లన్నని పై తరగతికి పంపు. తిని బరువు పెంచుకుంటాడు."

"అక్కడ ఆ బార్తిన్ ఊరి గుర్రంలాంటివాడు ఉన్నాడుగా హోజా," అన్నాడు తుర్గుత్. "వాడు నన్ను నమిలి ఊసేస్తాడు."

"అయితే ఇద్దరూ తేల్చుకోండి. అంకారా నుంచి సెలెక్టర్ వస్తున్నాడు. ఆయన ముందు ఆదివారం పొద్దున మూడు రౌండ్లు. నెగ్గినవాడు పోటీలకి. బాగుంటే అక్కణ్నించి జాతీయ శిబిరానికి కూడా. ఓడినవాడు..." హోజా మాట ఆపి, కిటికీలోంచి, గనిలోకి మనుషుల్ని దించే చక్రం కనిపించే వైపు చూశాడు.

మావయ్య దగ్గు ఆగడానికి కొంతసేపు పట్టింది. "నా ఇంట్లో తమ్ముడు అన్న మొహం మీద కొట్టడు. నేను పోయాక కొట్టుకోమనండి," అన్నాడు.

"నీ కోసం ఆదివారం వాయిదా పడదు రుస్తెమ్."

హోజా వెళ్లిపోయాక ఇల్హామీ లేచి తన గ్లాసు తనే కడుక్కుని వచ్చి, "నాన్నా, నేను మానేస్తాను. గనిలోకి నేనే దిగుతాను," అన్నాడు.

తుర్గుత్ చూపు నేలమీద చాపకి పడిన చిల్లు దగ్గర ఉంది.

"నువ్వు దిగితే నా వల్ల దిగినట్టు," అన్నాడు మావయ్య. "చిన్నప్పణ్నించీ నిన్ను నేనే కిందికి దించుతూ వచ్చాను. ఇంక చాలు." మళ్లీ కాసేపు దగ్గి, "అమ్మాయ్, ఆ రొట్టె తీసుకురా," అన్నాడు.

పొద్దున కొన్న రొట్టె బల్ల మీద పెట్టాను. మా ఇళ్లల్లో రొట్టె ముక్క కింద పడితే తీసి, ముద్దు పెట్టుకుని, నుదుటికి ఆనించి, కాలు తగలనంత ఎత్తులో పెడతాం. దాని మీద ఒట్టేసి అబద్ధం ఆడరు, ఆడితే ఆ రొట్టే శాపమై కొడుతుందంటారు.

"ఇద్దరూ చేతులు పెట్టండి," అన్నాడు మావయ్య. "కడుపుకి కొట్టుకోండి, డొక్కలకి కొట్టుకోండి. మెడకి పైన ఒకరి చెయ్యి ఒకరికి తగలకూడదు. అలా ఆడి ఎవడు నెగ్గితే వాడు నెగ్గినట్టు. చెప్పండి."

"మాట తప్పితే ఈ రొట్టె నన్ను కొట్టాలి," అన్నాడు ఇల్హామీ.

"మాట తప్పితే ఈ రొట్టె నన్ను కొట్టాలి," అన్నాడు తుర్గుత్.

మావయ్య రొట్టె తుంచి ఇద్దరికీ చెరో ముక్క ఇచ్చాడు. ఇల్హామీ ఆ ఏడాది వసంతంలో కడుపునిండా తినడం అదే మొదలు. నేను సూప్ వడ్డిస్తుంటే, "వదినా, పుదీనా సరిపోయింది," అన్నాడు.

ఆదివారం మావయ్య వస్తానన్నాడు. మెట్లమీద ఆయన చెయ్యి పట్టుకోవడానికి నేను కావాలి. అలా నేను కూడా ఆ నేలమాళిగలోకి వెళ్లాను. చెమట, తడి గోడలు, సిగరెట్లు కలిసిన వాసన. బల్లల మీద గని నుంచి వచ్చిన మగాళ్లు. సెలెక్టర్ ఓవర్‌కోటు విప్పకుండానే ముందు వరసలో కూర్చున్నాడు. మాకు రింగుకి దగ్గరగా రెండు కుర్చీలు వేశారు. నా కళ్లకి ఎదురుగా తాళ్లు, వాటి కింద వాళ్ల కాళ్లు.

గంట కొట్టారు. మొదటి రౌండులో ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు. తల తగలదు కాబట్టి దాన్ని కాచుకోవలసిన పనిలేదు. ఇద్దరూ చేతులు కిందికి దించి డొక్కలు కాచుకుంటూ, వంగి, దగ్గరికి చేరి గుద్దుకున్నారు. అలా ఆడితే ఇల్హామీ ముందు తుర్గుత్ ఎక్కడ? తమ్ముడు పక్కకి జరుగుతాడు, కొడతాడు, అన్న తిరిగేసరికి అక్కడ ఉండడు. తుర్గుత్ డొక్కలు ఎర్రబడడం నాకు కనిపిస్తూనే ఉంది.

బల్లల మీద నవ్వులు మొదలయ్యాయి.

"ఏంట్రా ఇది, ఇద్దరూ కడుపునొప్పి డాక్టర్లా?"

"మొహం మీద కొడితే పన్ను కట్టాలా ఏంటి?"

"రుస్తెమ్ మామా, నీ కొడుకులు ఇంటి దగ్గర ముద్దులు పెట్టుకుని వచ్చారా?"

మావయ్య చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి, ఏమీ వినపడనట్టు కూర్చున్నాడు.

రెండో రౌండు అయ్యాక సెలెక్టర్ బెకిర్ హోజాని పిలిచి గట్టిగానే అన్నాడు. "నాటకం చూడ్డానికి ఇంత దూరం రాలేదు నేను. వీళ్లు బాక్సింగ్ చెయ్యకపోతే ఇద్దర్నీ వదిలేసి అరవైకి బార్తిన్ నుంచి ఎవణ్నైనా తీసుకుంటాను."

హోజా మొదట ఇల్హామీ మూలకి వెళ్లి చెప్పాడు. ఇల్హామీ తండ్రి వైపు చూశాడు. మావయ్య తల అడ్డంగా ఊపాడు. ఇల్హామీ సరేనన్నట్టు కళ్లు వాల్చాడు. తర్వాత హోజా తుర్గుత్ మూలకి వెళ్లాడు. తుర్గుత్ మా వైపు చూడలేదు. గ్లోవ్స్ రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు. అతనికి ఊపిరి అందడంలేదు. ఆ ఊపిరి నాకు తెలిసిందే. ఇంట్లో దీపం ఆరిపోయినప్పుడు అలాగే పీల్చేవాడు.

మూడో రౌండు సగమయ్యేసరికి ఓడిపోతున్నానని తుర్గుత్‌కి తెలిసిపోయింది. ఇల్హామీ అతన్ని తాళ్లకి చేర్చి, మళ్లీ వెనక్కి జరిగి, చేతులు దించి నిలబడ్డాడు. అన్నని తాళ్లకి నొక్కి కొట్టడం ఇష్టంలేక చోటిచ్చాడు. అప్పుడే నా ఎదురుగా ఉన్న తుర్గుత్ ఎడమకాలి బొటనవేలు బయటికి తిరిగింది.

ఆ కాలు నాకెంత తెలుసో ఇల్హామీకి అంతకంటే ఎక్కువ తెలుసు. అతను కూడా కిందికి చూశాడు. చేతులు మాత్రం ఎత్తలేదు.

దెబ్బ ఎడమకంటి మీద పడింది. వెల్లకిలా పడ్డప్పుడు తల చెక్కకి తగిలిన చప్పుడు ఆ గోలలో కూడా వినిపించింది. రిఫరీ లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఇల్హామీ మోకాళ్ల మీదికి లేచి, నవ్వడానికి ప్రయత్నిస్తూ ఎవరూ లేని వైపుకి తల ఊపాడు. రిఫరీ ఆపేశాడు.

సెలెక్టర్ లేచి నిలబడ్డాడు. "అదీ కుడిచెయ్యంటే," అన్నాడు పక్కవాడితో. "ఇలాంటిది ఈ మధ్య చూడలేదు. పోటీల దాకా ఎందుకు, వీణ్ని నేరుగా శిబిరానికి పంపండి."

మెట్లెక్కేటప్పుడు మావయ్య నా చెయ్యి పట్టుకోలేదు. గోడ పట్టుకుని ఎక్కాడు.

ఆ సాయంత్రం ఇల్హామీ అందరికంటే ముందు మాట్లాడాడు. "అన్న కడుపుకే కొట్టాడు నాన్నా. నేనే వంగాను. తల వచ్చి చేతికి తగిలింది." మావయ్య తుర్గుత్ వైపు తిరిగాడు. "అంతేనా?" తుర్గుత్, "చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది," అన్నాడు. రెండు మాటలూ కలవవని మావయ్యకి తెలియదనుకోను. లేచి వెళ్లి పడుకున్నాడు.

వారం తిరగకముందే తుర్గుత్ అంకారా వెళ్లాడు. బస్సు దగ్గర ఇల్హామీ అన్న చెయ్యి ముద్దు పెట్టుకుని, సంచీ తనే పైకి ఎక్కించాడు. బస్సు మలుపు తిరిగాక నా వైపు చూసి, "వదినా, ఈ కంట్లో పైనుంచి నల్లటి తెర దిగుతోంది. కొన్ని రోజులుగా," అన్నాడు.

"మరి ఇప్పటిదాకా నోరు మూసుకుని కూర్చున్నావా?"

"చెబితే అన్న వెళ్లేవాడు కాదు."

ఇస్తాంబుల్ పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు మంచివాడు. కొన్ని రోజులు ముందు రావలసింది అని మాత్రం అన్నాడు. కంటి లోపలి పొర ఊడిపోయిందట. కుట్టారు, పట్టీ కట్టారు, విప్పారు. కన్ను అలాగే ఉంది, చూపు లేదు. వరండాలో కూర్చున్నప్పుడు ఉండబట్టలేక అడిగాను. "కాలు తిప్పడం చూశావు కదా. చెయ్యి ఎందుకు ఎత్తలేదు?"

"కాలు చూశాను వదినా. రొట్టె మీద అన్న చెయ్యి కూడా చూశాను. ఏది నమ్మాలి?"

ఆ తర్వాత ఆ సంగతి మా ఇద్దరి మధ్య రాలేదు.

తుర్గుత్ ఎర్ర చొక్కా తొడుక్కున్నాడు. బుకారెస్ట్‌లో జరిగిన పోటీల్లో మొదటి ఆటలోనే ఓడిపోయాడు. అయినా చొక్కా చొక్కాయే. ఉద్యోగం వచ్చింది. మా ఊళ్లోనే, అదే నేలమాళిగలో. ఇల్హామీని గనివాళ్లు ఒంటికన్నుతో కిందికి దిగనివ్వలేదు. మావయ్య చోటుకి బదులు పైన, బొగ్గు కడిగే చోట, బెల్టు మీద కదిలిపోయే బొగ్గులోంచి రాళ్లు ఏరే పని ఇచ్చారు. నల్లరాయి ఏదో, బొగ్గు ఏదో ఆ ఉన్న కంటితో చూసి తీసేవాడు. "యాభై ఏడుకి దిగడం కంటే తేలిక వదినా, ఇక్కడ తినొచ్చు," అనేవాడు. నిజంగానే లావయ్యాడు.

తుర్గుత్ బుకారెస్ట్ నుంచి వచ్చిన రోజునే తమ్ముడి కన్ను చూశాడు. రాత్రి భోజనం దగ్గర సూప్ చాలాసేపు కలియబెట్టి, చివరికి నాతో మెల్లగా అన్నాడు.

"నేను కావాలని కొట్టలేదు నెర్మిన్. చెయ్యి దానంతటదే లేచింది."

"కాలు కూడానా?" అన్నాను.

అతను నావైపు చూశాడు. చేతిలో రొట్టె ముక్క ఉంది. దాన్ని పళ్లెం పక్కన పెట్టాడు. ఆ రోజునుంచి తుర్గుత్ రొట్టె తినడం మానేశాడు. పొద్దున జున్ను, ఆలివ్‌లు ఉత్తివే తింటాడు. చేపలు ఉత్తివే తింటాడు. సూప్ తాగి గిన్నె అడుగున మిగిలింది చెంచాతో గీసుకుంటాడు. మా వైపు రొట్టె లేకుండా తింటే తిన్నట్టే కాదు. వచ్చినవాళ్లు, "ఏం, పళ్ల నొప్పా?" అని అడిగేవారు. కడుపులో మంట అని చెప్పేవాడు. నేను ఎప్పటిలాగే రొట్టె కొని బల్ల మీద పెట్టేదాన్ని. మావయ్య ఆ రొట్టెని, కొడుకు ఖాళీ చేతిని చూసేవాడు. 

నేలమాళిగలో కొత్తగా చేరినవాళ్లు అతన్ని కుడిచెయ్యి తుర్గుత్ అని పిలుస్తారు. ఆ దెబ్బ నేర్పమని అడుగుతారు. నేర్పుతాడు.

మావయ్యకి మాట తెగి తెగి వచ్చే రోజులవి. సముద్రం మీద పొద్దుటి మబ్బు ఇంకా విడలేదు. పనికి వెళ్తూ ఇల్హామీ తండ్రిని చూడ్డానికి ఆగాడు. తుర్గుత్ తలుపు దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు. మావయ్య నాకు చేత్తో సైగ చేశాడు. బల్ల వైపు. రొట్టె తీసుకెళ్లి ఆయన దుప్పటి మీద పెట్టాను.

"ఇల్హామీ. చెయ్యి పెట్టు."

ఇల్హామీ పెట్టాడు. వేళ్ల గీతల్లో బొగ్గు ఇంకిపోయి ఉంది.

"నీ అన్న మాట తప్పాడా?"

తలుపు దగ్గర బూటు తాడు చప్పుడు ఆగిపోయింది.

"తప్పలేదు నాన్నా. నేనే తల దించాను. అబద్ధమైతే ఈ రొట్టె నన్ను కొట్టాలి."

మావయ్య అతని మొహం వైపు, ఉన్న కన్ను వైపు, లేని కన్ను వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇంకేమీ అడగలేదు, ఆ వారంలో పోయేదాకా.

ఇల్హామీ రొట్టె చివర తుంచి నోట్లో పెట్టుకుని నమిలాడు. ఇంకో ముక్క తుంచి తలుపు వైపు చాపాడు.

"తిను అన్నా. కొడితే ఇప్పుడు నన్నే కొడుతుందిలే."

ఒంటికన్నువాడికి దూరాలు తెలియవు. అతని చెయ్యి అన్నకి చాలా ఇవతలే ఆగింది. తుర్గుత్ ఒక్క అడుగు ముందుకేస్తే అందేది. వెయ్యలేదు. అందుకున్నాడనుకుని ఇల్హామీ వేళ్లు వదిలాడు. ముక్క నేలమీద పడింది.

తుర్గుత్ వంగి దాన్ని తీశాడు. ముద్దు పెట్టుకున్నాడు. నుదుటికి ఆనించుకున్నాడు. కిటికీ గూటిలో, ఎవరి కాలూ తగలనంత ఎత్తులో పెట్టాడు. తర్వాత రెండో బూటు తాడు కట్టుకుని, తమ్ముడికి తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఇల్హామీ ఇంకా నములుతూనే బయటికి నడిచాడు. ఇద్దరూ ఒకే మెట్లు దిగి వెళ్లారు, అన్న ముందు, తమ్ముడు వెనక.